హెంప్ గింజలో బలం: రకం ఇచ్చేదెంత, నేల ఇచ్చేదెంత?

తిరుపతి సూపర్‌మార్కెట్ అరల్లో చియా, అవిసె, గుమ్మడి గింజల వరసలోకి ఈమధ్య హెంప్ గింజలు కూడా వచ్చి చేరాయి. ఒక ప్యాకెట్ వెనక 100 గ్రాములకు ప్రొటీన్ 24 గ్రాములని ఉంటే, ఇంకోదాని మీద 31 అని ఉంటుంది. ఒకరు తమది హిమాలయాల గింజ అంటారు, ఇంకొకరు మేలురకం విత్తనంతో పండించామంటారు. ఒకే గింజకు ఇంత తేడా ఎందుకు? రకం వల్లనా, పండిన చోటు వల్లనా? జవాబు కాస్త నిరాశపరిచేదే. రకం, నేల, ఎండ, వాన కలిసి రైతుకు వచ్చే బస్తాల లెక్కను తలకిందులు చేయగలవు. తినేవాళ్లకు అందే పోషకాల లెక్కను మాత్రం అవి అంతగా కదపవు. అక్కడ తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి.

ముందు చట్టం సంగతి చెప్పుకోకపోతే మిగతాది చదివేవాళ్లకు టెన్షన్‌గానే ఉంటుంది. హెంప్ అంటే గంజాయి మొక్కే. మత్తు కలిగించే టీహెచ్‌సీ బాగా తక్కువ ఉండేలా ఎంచి పెంచుకుంటూ వచ్చిన రకాలకు ఆ పేరు. పచ్చిరొట్టగా వేసే జనుముతో దీనికి సంబంధం లేదు, జనుము గింజలు తినేవి కావు కూడా. హెంప్ గింజ లోపల టీహెచ్‌సీ దాదాపు ఉండదు. పూత మీది జిగురు పైపొట్టుకు అంటుకుంటే వచ్చేదే ఎక్కువ. మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయికి ఇచ్చిన నిర్వచనంలో పూతతో కలవని గింజ, ఆకు లేవు. 2021లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెంప్ గింజను, నూనెను, పిండిని ఆహార పదార్థాలుగా గుర్తించింది. టీహెచ్‌సీ గింజలో కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు కూడా పెట్టింది. కాబట్టి కొనుక్కుని తినడానికి అడ్డు లేదు. సాగు అలా కాదు. అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. గింజ కోసం, నార కోసం సాగుకు అనుమతించే వీలు అదే చట్టంలో ఉంది. ఆ వీలును వాడుకుని ఉత్తరాఖండ్ 2018లో టీహెచ్‌సీ 0.3 శాతం మించని పంటకు లైసెన్సు ఇచ్చింది. కింద 'ఇక్కడ వేస్తే' అని వచ్చిన చోటల్లా అది లెక్క కోసం అన్న మాటగానే తీసుకోవాలి. ఎవరూ విత్తనం కోసం వెతకనక్కర్లేదు.

ఇక పంట విషయం. హెంప్ దిగుబడిని అన్నిటికన్నా గట్టిగా శాసించేది ఎరువు కాదు, నీరు కాదు, పగటి పొడవు. ఇది పగలు తగ్గుతున్నప్పుడు పూతకొచ్చే మొక్క. యూరప్‌లో పెరిగే చాలా రకాలకు పగలు సుమారు 14 గంటలకన్నా ఎక్కువున్నంత కాలం పూత ధ్యాస ఉండదు, కాండం పెంచుకుంటూ పోతాయి. వేసవి మధ్య దాటి పగలు కురచవుతుంటే అప్పుడు పూత మొదలవుతుంది. ఆలోగా మొక్క రెండు మూడు మీటర్లు ఎదిగి, కొమ్మలేసి, గింజను మోయగల ఆకు సంపాదించుకుని ఉంటుంది. ఫిన్‌లాండ్ దక్షిణ కొసన జూన్‌లో పగలు దాదాపు 19 గంటలు. భాంగ్ (గంజాయి మొక్క) గింజల చట్నీకి పేరుపడ్డ ఉత్తరాఖండ్ కుమావూ కొండల్లో, అల్మోరా దగ్గర, అదే జూన్‌లో సుమారు 14 గంటలు. తిరుపతిలో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగలు కూడా 12 గంటల 55 నిమిషాలు దాటదు. డిసెంబర్‌లో అది 11 గంటల 20 నిమిషాలకు దిగుతుంది.

అంటే ఫ్రాన్స్ రకం ఫెడోరా 17నో ఫ్యూచురా 75నో తెచ్చి తిరుపతి, చిత్తూరు నేలల్లో ఏ నెలలో విత్తినా మొక్కకు తన లెక్క ప్రకారం సీజన్ అయిపోతున్నట్టే అనిపిస్తుంది. దీనికి వేడి తోడవుతుంది. మొలిచిన తరువాత పూతకు సిద్ధం కావడానికి హెంప్‌కు కొంత వేడి కూడబెట్టుకోవాల్సి ఉంటుంది. చల్లటి దేశంలో దానికి నెల రోజుల దాకా పడితే, సగటున 28 డిగ్రీలుండే చోట రెండు మూడు వారాల్లోనే ఆ దశ ముగిసిపోతుంది. ఆ వెంటనే పూత. మోకాలి ఎత్తులోనో నడుం ఎత్తులోనో మొక్క ఆగిపోతుంది. ఆకు విస్తీర్ణం లేదు, కొమ్మలు లేవు, గింజ పట్టే కంకి చిన్నది. కెనడాలోనో ఫ్రాన్స్‌లోనో హెక్టారుకు టన్ను దాకా ఇచ్చిన విత్తనం ఇక్కడ అందులో కొంత ఇస్తే గొప్ప. విత్తనం చెడ్డది కాదు, రైతు పనిలో లోపం లేదు, అక్షాంశం కుదరలేదు, అంతే. విదేశీ 'మేలురకం' అన్న ముద్రకు ఇంకో అక్షాంశంలో ఏ విలువా లేకపోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఇదే తిరగేసినా నిజమే. చైనాలోని యునాన్‌లో తయారైన యున్మా రకాలు, థాయ్‌లాండ్ ఉత్తర కొండల్లో ఎంపిక చేసిన ఆర్‌పీఎఫ్ రకాలు తక్కువ పగటికి అలవాటు పడినవి. వీటికి పూత ఆలస్యం. యున్మాను తీసుకెళ్లి యూరప్‌లో వేస్తే తాటిచెట్టులా పెరుగుతుంది గానీ మంచు పడేలోగా గింజ పండదు. తిరుపతి ఉన్న 13, 14 డిగ్రీల అక్షాంశానికి ఎప్పటికైనా హెంప్ రావాలంటే ఈ దక్షిణపు వైపు నుంచే రావాలి. అయితే వాటిలో చాలావాటిని నార కోసం ఎంపిక చేశారు, గింజ కోసం కాదు. అందుకని నేరుగా వేసుకోగల గింజ రకం అంటూ ఈ ప్రాంతానికి ప్రస్తుతం లేనట్టే.

మధ్యలో ఒక మినహాయింపు ఉంది. 1990ల దశకంలో ఫిన్‌లాండ్‌లో రూపొందిన ఫినోలా పగటి పొడవును పెద్దగా పట్టించుకోదు. మొలిచిన కొద్ది వారాలకే పూతకొస్తుంది, మనిషి ఎత్తుకు మించదు, నాలుగు నెలల్లోపే కోతకు వస్తుంది. ఉత్తరాన వేసవి చాలా చిన్నది కాబట్టి దాన్ని అలా మలిచారు. పొట్టిగా ఉండడం వల్ల మామూలు కోత యంత్రంతో కోయడం తేలికై కెనడా రైతులకు నచ్చింది. కానీ పగటిని పట్టించుకోదు కదా అని దాన్ని తెచ్చి వేడి ప్రాంతంలో వేస్తే ఆ తొందర ఇంకా పెరుగుతుంది. త్వరగా పూసే గుణం చలి దేశంలో వరం, ఇక్కడ శాపం.

రకాల్లో ఇంకో తేడా ఆడ, మగ మొక్కల దగ్గర ఉంది. పాతకాలపు హెంప్ రకాల్లో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. పొలంలో సగం మొక్కలు పుప్పొడి రాల్చి ఎండిపోతాయి, గింజ ఇవ్వవు. వేసిన ఎరువులో, పెట్టిన నీళ్లలో సగం వాటికి పోయినట్టే. ఫ్రాన్స్, ఉక్రెయిన్ శాస్త్రవేత్తలు ఒకే మొక్క మీద రెండు రకాల పూలూ వచ్చే రకాలు తయారుచేసింది ఇందుకే. ఫ్రాన్స్‌వి ఫెడోరా, ఫెలీనా, ఉక్రెయిన్‌ది యూఎస్‌ఓ 31 ఆ కోవలోవే. వీటితో ఒక చిక్కుంది. సొంత పంటలోంచి విత్తనం దాచుకుని మళ్లీ మళ్లీ వేస్తే కొన్ని తరాలకు మగ మొక్కలు వేరుపడి పాత స్వభావం తిరిగొస్తుంది. పైగా గాలికి పుప్పొడి కిలోమీటర్ల దూరం కొట్టుకుపోతుంది, కొండవాలులో అడవి గంజాయి ఉంటే కలిసిపోతుంది. అలా కలిసిన విత్తనంలో టీహెచ్‌సీ హద్దు దాటితే పంట మొత్తం తగలబెట్టాల్సి రావచ్చు. వేరుశనగ రైతు తన కాయల్లోంచే మంచివి ఏరి మరుసటి ఏడాదికి దాచుకున్నట్టు ఇక్కడ కుదరదు.

వేరుశనగ మాట వచ్చింది కాబట్టి దానితో పోల్చుకునే ఈ విషయం చూడాలి. ఎందుకంటే రకానికీ నేలకూ మధ్య లెక్క ఎలా కుదురుతుందో చిత్తూరు, తిరుపతి రైతులకు చెనక్కాయ చెప్పినంత బాగా ఇంకే పంటా చెప్పలేదు. 1970లలో కాళహస్తి చుట్టుపక్కల కాయలు గిడసబారి, పొట్టు నల్లబడి, పైరంతా దెబ్బతింది. కారణం మట్టిలోని నులిపురుగు. ఆ తెగులుకు ఊరి పేరే స్థిరపడింది. తరువాత దాన్ని తట్టుకునే రకాన్ని తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం తెచ్చింది, దానికీ కాళహస్తి అనే పేరే పెట్టారు. నారాయణి, బెట్టను ఓర్చుకునే ధరణి వంటి రకాలు అక్కడి నుంచే వచ్చాయి. ఈ రకాలేవీ గుజరాత్ కోసమో అమెరికా కోసమో పుట్టలేదు. ఈ ఎర్ర గరప నేలల్లో, నైరుతి మొహం చాటేసి ఈశాన్యం ఒక్కసారిగా విరుచుకుపడే ఈ వానల్లో ఏళ్ల తరబడి వేసి చూసి, వడపోసి ఎంచినవి. హెంప్‌కు ఈ ప్రాంతంలో అలాంటి వడపోత జరిగిన దాఖలాలు కనిపించవు.

నీటి విషయంలో హెంప్‌కు రెండు వైపులా ఇబ్బందే. సీజన్ మొత్తానికి 500 నుంచి 700 మిల్లీమీటర్ల నీరు కావాలి. జిల్లాలో ఏడాది వాన లెక్క చూస్తే అది సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ వాన పడే తీరు వేరు. విత్తిన మొదటి నెలన్నరలో బెట్ట వస్తే మొక్క లేవదు. గింజ పాలు పోసుకునే దశలో బెట్ట వస్తే గింజ నిండదు, తాలు ఎక్కువవుతుంది. పోనీ వాన బాగా పడనీ అనుకుంటే, నీళ్లు నిలబడితే అసలు ఓర్చుకోలేని పైరు ఇది. వేరు కుళ్లి, ఆకు పసుపెక్కి, ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. నవంబర్‌లో అల్పపీడనం పట్టి సత్యవేడు, కాళహస్తి వైపు పొలాలు చెరువులైపోయే వారం రోజులు చాలు పంట పోవడానికి. కుప్పం, పలమనేరు వైపు 600, 700 మీటర్ల ఎత్తున, నీరు జారిపోయే వాలు నేలలు కొంత నయం. అక్కడ రాత్రులు చల్లగా ఉండడం ఇంకో మేలు, ఆ మేలు నూనె దగ్గర తేలుతుంది.

నత్రజని దగ్గర గింజకూ పోషకానికీ నేరుగా ముడి ఉంది. హెక్టారుకు 100 కిలోల నత్రజని వేసేదాకా గింజ దిగుబడి సాధారణంగా పెరుగుతూ పోతుంది. దాంతోపాటు గింజలో ప్రొటీన్ శాతం కాస్త ఎక్కి, నూనె శాతం కాస్త దిగుతుంది. ఈ రెండూ తక్కెడలో చెరో పళ్లెంలో ఉన్నట్టు ఉంటాయి, దాదాపు అన్ని నూనెగింజల్లోనూ ఇంతే. ఎకరా లెక్కకు తెస్తే 40 కిలోల నత్రజని, అంటే 87 కిలోల యూరియా, దాదాపు రెండు బస్తాలు. వేరుశనగ తన నత్రజనిలో ఎక్కువ భాగం వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియాతో తానే సంపాదించుకుంటుంది. దానికి ఎకరాకు 200 కిలోల జిప్సం పూత సమయంలో వేసి, ఊడలు దిగే మట్టిలో కాల్షియం లోటు లేకుండా చూస్తే గింజ నిండుతుంది. హెంప్‌కు నేల ఆరోగ్యం పెంచే పంటగా చాలా చోట్ల ప్రచారం ఉంది. వేరు లోతుకు దిగి మట్టిని గుల్లబరచడం నిజమే. నత్రజని విషయంలో మాత్రం అది తీసుకునేదే తప్ప ఇచ్చేది కాదు.

వేడికీ నూనెకూ ఉన్న సంబంధం అన్నిటికన్నా ఆసక్తికరమైనది. హెంప్ నూనెలో లినోలిక్ ఆమ్లం, అంటే ఒమేగా 6, సుమారు 55 శాతం. ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే గింజల్లో దొరికే ఒమేగా 3, 15 నుంచి 22 శాతం మధ్య. ఒలీక్ ఆమ్లం, అంటే ఒమేగా 9, 10, 15 శాతం ప్రాంతంలో. ఇవి కాక గామా లినోలెనిక్ ఆమ్లం అని ఒకటి కొద్దిగా ఉంటుంది. వంటనూనెల్లో ఇది దాదాపు కనిపించదు కాబట్టి హెంప్ అమ్మేవాళ్లు దీన్నే ముందుకు తెస్తారు. మొక్క ముందు ఒలీక్ తయారుచేసుకుని, దాన్ని ఎంజైముల సాయంతో లినోలిక్‌గా, ఆపైన లినోలెనిక్‌గా మార్చుకుంటుంది. గింజ నిండే రోజుల్లో చల్లగా ఉంటే ఈ మార్పు చివరిదాకా సాగుతుంది. వేడిగా ఉంటే ఎంజైములు మందగించి, ఒలీక్ ఎక్కువగా మిగిలిపోతుంది. పొద్దుతిరుగుడులో ఇది ఎప్పుడో తేలిన విషయం, వేరుశనగలోనూ కనిపిస్తుంది. ఉత్తర దేశాల్లో పండిన హెంప్‌లో ఒమేగా 3 ఎక్కువగా ఉండడానికి చలి ఒక కారణం.

ఇక్కడ రకం పాత్ర ఎంత? లినోలిక్ శాతం రకానికీ రకానికీ పెద్దగా మారదు. మారేది గామా లినోలెనిక్. కొన్ని రకాల్లో అది ఒక శాతం దగ్గర ఆగితే, ఫినోలాలో 4 శాతం దాకా పోతుంది. అంటే ఈ ఒక్క ఆమ్లం విషయంలో 'ఏ రకం' అన్న ప్రశ్నకు అర్థం ఉంది. మొత్తం నూనె, మొత్తం ప్రొటీన్ విషయంలో రకాల మధ్య తేడా కొద్ది శాతాలే, ఒకే రకంలో ఏడాదికీ ఏడాదికీ వచ్చే తేడా కూడా ఇంచుమించు అంతే. వేరుశనగలో రకం చేసిన మార్పుతో పోలిస్తే ఇది ఎంత చిన్నదో తెలుస్తుంది. మామూలు వేరుశనగ నూనెలో ఒలీక్ ఆమ్లం 45, 50 శాతం ఉంటే, గిర్నార్ 4, గిర్నార్ 5 రకాల్లో 80 శాతం దగ్గరికి పోయింది. లినోలిక్‌గా మార్చే ఎంజైము జన్యువులు పనిచేయకుండా పోయిన మొక్కలను వెతికి పట్టుకుని, వాటితో సంకరం చేసిన ఫలితం అది. ఆ నూనె త్వరగా చెడదు, కాయ ఎక్కువకాలం నిలవుంటుంది. హెంప్‌లో అంత దూరం పోయిన రకాలు మార్కెట్లో లేవు.

ఇప్పుడు మొదట అడిగిన ప్యాకెట్ల దగ్గరికి వస్తే, 24కీ 31కీ మధ్య తేడా రకానిదీ కాదు, హిమాలయాలదీ కాదు, పొట్టుది. హెంప్ గింజకు గట్టి పైపెంకు ఉంటుంది, బరువులో మూడో వంతు పైనే. పెంకుతో సహా చూస్తే గింజలో ప్రొటీన్ 20 నుంచి 25 శాతం, నూనె 25 నుంచి 35 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ పీచు. పెంకు ఒలిచేస్తే లోపలి పప్పులో 100 గ్రాములకు ప్రొటీన్ సుమారు 31 గ్రాములు, కొవ్వు 49 గ్రాములు, పీచు 4 గ్రాములు. వేరుశనగను తొక్కతో సహా తూచి ఒకరు, ఒలిచి తూచి ఒకరు గొప్పలు చెప్పుకున్నట్టే ఇదీ. లేబుల్ చూసేటప్పుడు ముందు పీచు అంకె చూడాలి. అది పెద్దగా ఉంటే పెంకుతో ఉన్నట్టు, చిన్నగా ఉంటే ఒలిచినట్టు.

ఇంకొంచెం లెక్క వేద్దాం. ఒలిచిన హెంప్ పప్పు రోజుకు 30 గ్రాములు తింటే కొవ్వు సుమారు 14.6 గ్రాములు అందుతుంది. అందులో ఒమేగా 3 వేడి చోట పండి 16 శాతమే ఉందనుకుంటే 2.3 గ్రాములు, చల్లటి చోట పండి 20 శాతం ఉందనుకుంటే 2.9 గ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 1.1 నుంచి 1.6 గ్రాములు చాలని పోషకాహార నిపుణుల లెక్క. కాబట్టి చలి కొండ గింజ తిన్నా వేడి మైదానం గింజ తిన్నా అవసరం తీరినట్టే. అదే 30 గ్రాములు పెంకుతో ఉన్న గింజ అయితే నూనె 9 గ్రాములే, 18 శాతం చొప్పున ఒమేగా 3 కూడా 1.6 గ్రాములకు తగ్గుతుంది. రకం, వాతావరణం కలిసి తెచ్చిన తేడాకన్నా పెంకు ఒక్కటే తెచ్చిన తేడా ఎక్కువ. ఒమేగా 3 ఒక్కటే కావాలనుకుంటే అవిసె గింజలు 10 గ్రాములు వేయించి పొడి కొట్టుకున్నా 2 గ్రాములకు పైనే వస్తుంది, ఖర్చు కూడా చాలా తక్కువ.

ప్రొటీన్ మంచిదేనా అంటే మంచిదే. ఎడెస్టిన్ అనే తేలికగా అరిగే ప్రొటీన్ ఇందులో ప్రధానం. దాని బలహీనత లైసిన్. ఆ అమైనో ఆమ్లం హెంప్‌లో తక్కువ, బియ్యంలోనూ తక్కువే. అన్నంలోకి హెంప్ పొడి కలుపుకుంటే రెండింటి లోటూ అలాగే ఉండిపోతుంది. ఆ లోటు తీర్చేది కందిపప్పు, ఉలవలు. రాగిసంకటితో ఉలవచారు తినే ఇంట్లో ఈ లెక్క ఎప్పుడో సరిపెట్టేశారు. ఖనిజాలు కూడా కాగితం మీద ఘనంగా ఉంటాయి. 100 గ్రాముల ఒలిచిన పప్పులో మెగ్నీషియం 700 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 1,650 మిల్లీగ్రాములు. కానీ ఆ ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం ఫైటిక్ ఆమ్లం రూపంలో ఉండి, ఇనుమును, జింకును ఒంటికి పట్టనీయకుండా కొంత అడ్డుపడుతుంది.

నేల తినేవాళ్ల కంచం దాకా నేరుగా వచ్చే చోటు ఒకటుంది, అది భార లోహాలు. హెంప్ మట్టిలోంచి కాడ్మియం, నికెల్ వంటి వాటిని బాగా లాగుతుంది. కలుషితమైన నేలలను శుభ్రం చేయడానికి ఈ మొక్కను వేసి చూసింది కూడా ఆ గుణం వల్లే. లోహాలు ఆకులో చేరినంతగా గింజలో చేరవు గానీ, ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన నీళ్లతో పండిన గింజను ఏ రకమైనా సరే తినే సరుకుగా తీసుకోకూడదు. ప్యాకెట్ మీద హిమాలయ అన్న మాటకన్నా ల్యాబ్‌లో భార లోహాల పరీక్ష చేయించామన్న ఒక్క వాక్యం విలువైనది. అలా రాసే కంపెనీలు తక్కువ.

కోత, ఆరబెట్టడం, నిల్వ మీద మాట్లాడేవాళ్లు తక్కువ, పోషకం ఎక్కువగా పోయేది అక్కడే. హెంప్ కంకి కింది నుంచి పైకి పండుతుంది. కింది గింజ రాలిపోతుంటే పైగింజ ఇంకా పచ్చిగానే ఉంటుంది. నూటికి 70, 80 గింజలు పండినప్పుడు కోయడం ఆనవాయితీ. ముందే కోస్తే పచ్చగింజ ఎక్కువై నూనెలో ఆకుపచ్చ రంగు పెరుగుతుంది, ఆ నూనె వెలుతురు తగిలితే తొందరగా చెడుతుంది. ఆలస్యం చేస్తే రాలింది రాలగా మిగిలింది పిట్టల పాలు. పొద్దుతిరుగుడు వేసి రామచిలకల బెడద పడ్డ రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కోసిన గింజలో తేమ 9 శాతం లోపుకు రావాలి, అదీ మరీ వేడి తగలకుండా. తేమ ఎక్కువగా ఉండగా కుప్ప పోస్తే లోపల కాక పుట్టి బూజు పడుతుంది.

ఒమేగా 3 ఎక్కువ ఉన్న నూనెకు గాలి, వెలుతురు, వేడి మూడూ శత్రువులే. ఒలీక్ కన్నా లినోలిక్, లినోలిక్ కన్నా లినోలెనిక్ చాలా తొందరగా ఆక్సిజన్‌తో కలిసి పాడవుతాయి. పెంకు ఉన్నంతవరకు గింజకు అది కవచం. ఒలిచాక ఆ కవచం పోతుంది. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గోడౌన్‌లో, డెలివరీ వ్యాన్‌లో వారాల తరబడి ఉండి వచ్చిన ఒలిచిన పప్పులో చలి దేశం ఇచ్చిన ఆ నాలుగు శాతం అదనపు ఒమేగా 3 ఎంత మిగులుతుందన్నది అనుమానమే. నోట్లో వేసుకుంటే కొద్దిగా చేదు, పాత నూనె వాసన వస్తే ఆ ప్యాకెట్ పని అయిపోయినట్టే. వేయించి పొడి చేసుకునేవాళ్లు సన్నసెగ మీద కొద్దిసేపే వేయించాలి. హెంప్ నూనెతో పోపు పెట్టడం, గారెలు వేయడం మాత్రం వద్దు, దాని పోషకమే దాని బలహీనత.

రైతు వైపు నుంచి చూస్తే ఎకరా లెక్క ఇంకోలా ఉంటుంది. అనుకూలమైన అక్షాంశంలో హెంప్ ఎకరాకు 300 కిలోలు ఇచ్చిందనుకుందాం. పావు వంతు ప్రొటీన్ చొప్పున 75 కిలోలు, 30 శాతం నూనె చొప్పున 90 కిలోలు. వర్షాధారంగా వేరుశనగ ఎకరాకు 500 కిలోల కాయలు ఇచ్చిందనుకుంటే, నూటికి 70 చొప్పున పప్పు 350 కిలోలు. అందులో ప్రొటీన్ 87 కిలోల దాకా, నూనె 165 కిలోల పైన. ఇవి కాక పశువులకు మేతగా చెనక్కాయ కట్టె మిగులుతుంది, పాడి మీద బతికే చిత్తూరు పల్లెల్లో అది చిన్న సంగతి కాదు. కిలోకు పలికే ధర వల్ల హెంప్ ఆకర్షణగా కనిపించవచ్చు. ఆ ధర ఇప్పుడు ఎక్కువగా ఉండడానికి పోషకంకన్నా సరఫరా తక్కువగా ఉండడమే పెద్ద కారణం. సాగు విస్తరిస్తే అలాగే నిలుస్తుందని నమ్మడానికి ఆధారం లేదు.

ఎప్పటికైనా ఇక్కడ అనుమతి వచ్చి, ఏదైనా పరిశోధన స్థానం ప్రయోగాలు మొదలుపెడితే, పోషకాల పరీక్షలతో మొదలుపెట్టడం తిరగేసిన పని అవుతుంది. ముందు యునాన్, థాయ్‌లాండ్, కుమావూ విత్తనాలను జూన్ నుంచి నవంబర్ దాకా పదిహేను రోజులకోసారి విత్తి, ఏది ఎన్ని రోజులకు ఎంత ఎత్తున పూస్తుందో చూడాలి. మొక్కలు కురచగా ఉండక తప్పకపోతే వరుసలు దగ్గర చేసి, చదరపు మీటరుకు మొక్కల సంఖ్య పెంచి ఆ లోటు ఎంతవరకు పూడుతుందో చూడాలి. తిరుపతి మైదానంలో ఒక మడి, కుప్పం ఎత్తున ఒక మడి పెడితే రాత్రి చలి నూనె మీద ఎంత పనిచేస్తుందో కూడా తేలుతుంది. టీహెచ్‌సీ 0.3 శాతం దాటని మొక్కలు వాటిలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాకే దిగుబడి మాట ఎత్తాలి, ఎందుకంటే స్థానిక హిమాలయ విత్తనాల్లో చాలావాటికి ఆ గీత దగ్గరే చిక్కు వస్తుంది.